బిడ్డల భక్తి, తలిదండ్రుల నడవడి

ప్రతి సంవత్సరము జూను మాసమున పాఠశాల తలుపులు తెరువగనే, తమ కుమారులను కుమార్తెలను చేయి పట్టుకొని మాయొద్దకు వచ్చు తలిదండ్రులు రెండు కోరికలు కోరుచుందురు. లెక్కలయందును ఇంగ్లీషునందును బిడ్డకు శ్రద్ధ కలిగింపవలయుననునది మొదటిది. రెండవది వెళ్లబోవుచు గుమ్మమువద్ద నిలిచి మెల్లగా చెప్పునది: “అయ్యా, వీనికి కొంచెము దైవభక్తి కూడ నేర్పండి. ఇంటివద్ద మా మాట వినుట లేదు.” మొదటి కోరికను మేము సంతోషముతో అంగీకరింతుము, అందులకే మాకు జీతములు ముట్టుచున్నవి. రెండవదానిని విన్నప్పుడెల్ల మాకు సంకోచము కలుగును. ఆ సంకోచమునకు గల కారణమును ఈ సంచికలో తలిదండ్రులకును, పూర్వ విద్యార్థులకును విన్నవింపదలచితిమి. పూర్వ విద్యార్థులలో అనేకులు నేడు తామే తలిదండ్రులు గదా.

మా అభిప్రాయమును ముందుగనే చెప్పివేయుట మంచిది. భక్తిని పాఠశాల పుట్టింపజాలదు. ఇంటిలో మొలిచినదానికి పాఠశాల నీరుపోయగలదు, కంచె కట్టగలదు, దానికి మాటలు నేర్పగలదు. ఇంటిలో మొలవనిదానిని వారమునకు రెండు గంటల వేదపాఠముచేత మొలిపించుట మా శక్తికి మించిన పని. మిషను పాఠశాల పత్రికలో ఇట్టి మాట వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. ప్రాతఃకాల ప్రార్థనయు వేదపాఠమును లేని దినము మా పాఠశాలలో లేదు. వానిని తగ్గింపవలయునని మా ఉద్దేశము కాదు. అవి ఏ పనికి చాలునో, ఏ పనికి చాలవో తెలిసికొనుటయే మా ఉద్దేశము.

గోదావరి డెల్టాలో పుట్టి పెరిగినవారికి ఈ సంగతిని బోధపరచుట కష్టము గాదు. కాటను దొరగారు 1847లో ఆరంభించి 1852లో ముగించిన ధవళేశ్వరపు ఆనకట్ట మహిమ మనలో నెవరికి తెలియదు? ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు పాయలకు అడ్డముగా వారు కట్టించిన రాతికట్ట స్థానమున మన కాలములో లేచిన బ్యారేజి నేటికిని పది లక్షల ఎకరములకు పైగా తడుపుచున్నది. అయినను ఏ రైతైనను ఆనకట్టనుండి నేరుగా తన చేనికి నీరు పెట్టుకొనగలడా? ఆనకట్టనుండి పెద్ద కాలువకు, పెద్ద కాలువనుండి పిల్లకాలువకు, అందుండి బోదెకు, బోదెనుండి మడికి నీరు దిగవలయును. ఆనకట్టను కాలువను చూచుకొనునది సర్కారు. తన చేని బోదెలో పూడిక తీయవలసినవాడు మాత్రము రైతే. వేసవిలో కాలువలు కట్టిన దినములలో ఆ పని చేయనివాని చేను, ఎగువను నీరు పొంగి పొరలుచున్నను ఎండియే యుండును. మిషను పాఠశాలలు, ఆదివారపు బడులు, సంఘములు, ఉజ్జీవ కూటములు, ఇవన్నియు ఎగువ పనులు. బోదె ఇంటిలోనున్నది.

కాటను దొరగారి పేరు ఎత్తితిమి గనుక వారి గృహమును గూర్చి ఒక మాట చెప్పి ముందుకు పోవుదుము. వారి విగ్రహములకు పూలమాలలు వేయువారిలో, వారు గాఢమైన క్రైస్తవభక్తి గలవారని యెరిగినవారు కొలదిమందియే. వారి కుమార్తె ఎలిజబెత్తు 1842లో పుట్టినది. తండ్రిగారు ఉద్యోగము విరమించి ఇంగ్లాండులో డోర్కింగు అను ఊర కాపురముండగా, ఈమె అచ్చటి కూలివారిని సారాయి దుకాణములనుండి మరలించుటకై ఒక కాఫీగది తెరిపించి, 1876లో దానిని గూర్చి పుస్తకము వ్రాసెను. 1899లో తండ్రిగారు గతించిన పిమ్మట, 1900లో వారి జీవితచరిత్రను ప్రకటించినదియు ఈమెయే. తండ్రి కరవు దినములలో కూలివాని కడుపును గూర్చి యోచించినవాడు. కుమార్తె కూలివాని సాయంకాలములను గూర్చి యోచించెను. దీనిని ఏ గురువును ఆమెకు పాఠముగా చెప్పియుండడని మా నమ్మకము.

లూథరుగారి చిన్న ప్రశ్నోత్తరిని ఈ ప్రాంతపు మిషను బడులలో చదివిన అనేకులు కంఠస్థము చేసియున్నారు. దాని శీర్షికలను శ్రద్ధగా చూచినవారు మాత్రము అరుదు. 1528లో లూథరుగారు సాక్సనీ దేశపు గ్రామసంఘములను దర్శించి, అచ్చటి జనుల అజ్ఞానమునకు నొచ్చుకొని, మరుసటి సంవత్సరమున ఈ చిన్న పుస్తకమును సిద్ధపరచిరి. పది ఆజ్ఞలకును, విశ్వాసప్రమాణమునకును, ప్రభువు ప్రార్థనకును పైన వారు పెట్టిన శీర్షికలలో ఉపాధ్యాయుని ప్రసక్తి లేదు. ఇంటి యజమానుడు తన ఇంటివారికి సులభముగా నేర్పవలసిన విధమని మాత్రమే యున్నది. మొదట దానిని గోడలకు తగిలించుకొనుటకు వీలుగా పెద్ద కాగితములపై అచ్చువేయించిరి. అనగా అది భోజనపు పీటయొద్దకును పడకయొద్దకును ఉద్దేశింపబడిన పుస్తకము. దానిని బడి పుస్తకముగా మార్చి, పరీక్షలు పెట్టి, మార్కులు వేసినవారము మనము.

ఆ మార్పునకు ఆనాడు కారణము లేకపోలేదు. 1840 దశకమున ఉత్తర జర్మనీనుండి వచ్చిన మిషనరీలు రాజమహేంద్రవరమున పని ఆరంభించినప్పుడును, తరువాత అమెరికా లూథరనులు దానిని చేపట్టినప్పుడును, సంఘములో చేరినవారు ఎక్కువమంది అక్షరము నోచుకొననివారు, తెల్లవారకమునుపే పొలమునకు పోయి చీకటిపడిన తరువాత ఇల్లు చేరు పాలేర్లు, కూలివారు. వారి బిడ్డలకు బడియే రెండవ ఇల్లుగా నిలువవలసివచ్చెను. కాని 1927లో ఆంధ్ర సువార్త లూథరను సంఘము ఏర్పడి నేటికి దాదాపు నూరేండ్లు. ఆ పాలేర్ల మనుమలు ఉపాధ్యాయులైరి, నర్సులైరి, ఇంజనీర్లైరి. ఇంటిలో చదువు వచ్చినది, దీపము వచ్చినది, తీరిక కూడ కొంత వచ్చినది. బడి ఇంటికి బదులుగా నిలిచిన ఏర్పాటు మాత్రము మారక నిలిచిపోయినది. అవసరము తీరిన పిమ్మటను చేతికఱ్ఱను విడువనివాని కాళ్లు బలహీనములగునట్లే, భక్తి నేర్పు పనిలో మన ఇండ్లు బలహీనములైనవి.

ఇట్లనిన మాత్రమున, ప్రతి ఇంట తండ్రి కుర్చీలో కూర్చుండి బిడ్డలను వరుసగా నిలువబెట్టి ప్రశ్నలడుగవలయునని మా భావము కాదు. అట్టి ఇండ్లును మేమెరుగుదుము. కుటుంబ ప్రార్థన అనగనే అచ్చటి బిడ్డలకు కడుపునొప్పి వచ్చును. నేర్పుట అనునది మాటలకంటె ముందుగా చేతులతో ఆరంభమగునని మా తలంపు. ఎరిక్ ఎరిక్‌సన్ అను మానసికశాస్త్రవేత్త 1950లో ప్రకటించిన గ్రంథములో, శిశువు నేర్చుకొను మొదటి పాఠము నమ్మిక యనియు, ఆకలియైనప్పుడు పాలు, ఏడ్చినప్పుడు ఎత్తుకొను చేతులు దొరకుటచేతనే అది కలుగుననియు వివరించి, మతవిశ్వాసమునకును ఆ మొదటి నమ్మికకును గల సంబంధమును కూడ చూపించెను. మన పల్లెలోని తల్లి ఆ గ్రంథమును చదువలేదు. ఆమె బిడ్డకు నూనె రాచి, కాళ్లమీద పండుకొనబెట్టుకొని, వెచ్చని నీళ్లతో లాలపోసి, సాంబ్రాణి పొగవేసి, జోలపాడుచున్నది. దేవుడు కాపాడువాడని తరువాత చెప్పబోవు మాటకు ఆమె అప్పుడే అర్థము సిద్ధపరచుచున్నది. కాపాడుట యననేమో ఎరుగని బిడ్డకు కాపాడువాడను మాట ఎట్లు బోధపడును?

ఇది ఆడువారి పనియని తండ్రులు తప్పించుకొనుటకు వీలులేదు. లూథరుగారు 1522లో వివాహమును గూర్చి వ్రాసిన చిన్న గ్రంథములో, బిడ్డ మలిన వస్త్రములను ఉతుకు తండ్రిని చూచి లోకులు నవ్వినను, అతడు విశ్వాసముతో ఆ పని చేసినయెడల దేవుడును దేవదూతలును సంతోషింతురని చెప్పిరి. అయిదువందల యేండ్ల క్రిందట జర్మనీలో చెప్పిన ఈ మాటను నేడు మన పేటలో ఏ పెద్దమనిషితోనైన చెప్పి చూడుడు. ఆయన ముఖము ఎట్లు మారునో తెలియును! కాని సాక్ష్యము లూథరుగారి పక్షముననే యున్నది. అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియాలో 1970 మొదలుకొని 3,000 మందికి పైగా జనుల కుటుంబములను తరతరములుగా పరిశీలించిన వెర్న్ బెంగ్ట్‌సన్ అను పండితుడు 2013లో తన ఫలితములను ప్రకటించెను. తలిదండ్రుల విశ్వాసము బిడ్డలకు సంక్రమించుటలో తండ్రి ఆప్యాయత మిక్కిలి ముఖ్యమనియు, తండ్రి ఎంత భక్తిపరుడైనను బిడ్డలకు దూరముగానుండువాడైనచో ఆ భక్తి వారికి అందదనియు ఆయన కనుగొనెను. తాతలు అవ్వలు కూడ తలిదండ్రులకు దీటుగా పనిచేయుట ఆయన పరిశోధనలో తేలినది. పౌలు తిమోతికి వ్రాయుచు అతని విశ్వాసము మొదట అవ్వ లోయియందును తల్లి యునీకేయందును వసించినదని జ్ఞాపకము చేసెను గదా. లోయివంటి అవ్వలు మన ఇండ్లలో ఇంకను ఉన్నారు. వారిని వసారాలో మంచముమీద కూర్చుండబెట్టి మరచుచున్నాము.

బిడ్డ కన్నులు ఎల్లప్పుడు మనమీదనే యుండును. ఈ డెల్టా సంఘములలో పిడికెడు బియ్యమను ఆచారమొకటి కలదు. తల్లి వంటకు బియ్యము కొలిచినపుడు, ఎసటిలో పోయకమునుపు ఒక పిడికెడు తీసి వేరు చట్టిలో వేయును. ఆదివారమున ఆ బియ్యము గుడికి చేరును. ఇంటిలో బియ్యము నిండుగానున్న దినమున ఆ పిడికెడు ఎవరికిని కనబడదు. బియ్యము అడుగంటి, తల్లి డబ్బాను తలక్రిందులు చేసి తట్టిన దినమున, ఆమె మొదట పిడికెడు తీయుట చూచిన బిడ్డ దానిని బ్రతుకంతయు మరువడు. దోర్నకలు బిషప్పుగానుండిన అజరయ్యగారు క్రైస్తవదానమును గూర్చి ప్రత్యేకముగ ఒక గ్రంథమే వ్రాసియున్నారు. వారి గ్రంథమును చదువనివారికిని ఆ చట్టి పాఠము చెప్పినది. ఇప్పుడు పిడికెడు బియ్యమునకు బదులు కవరు వచ్చినది, ఫోనుద్వారా పంపుటయు వచ్చినది. సంఘపు లెక్కలకు ఇది సుఖమే. కాని బిడ్డ చూచుటకు అందేమియు లేదు. ఇట్టివి పోయినచోట, బిడ్డ చూడదగినది మరియొకటి ఇంటిలో పెట్టుకొనవలయును.

చూచువాని కన్ను మంచిని మాత్రమే ఏరుకొనదు. అప్పులవాడు వాకిట నిలిచి పిలిచినప్పుడు, “నాన్నగారు ఇంట లేరని చెప్పు” అని బిడ్డను పంపు తండ్రి, ఆ రాత్రి అబద్ధసాక్ష్యము పలుకవద్దను ఆజ్ఞను వల్లెవేయించినను లాభమేమి? కొనునప్పుడు ఒక కుంచము, అమ్మునప్పుడు మరియొక కుంచము ఉన్న ఇంటిలో బిడ్డ ఏ కొలతను నేర్చుకొనును? సాయంకాలము తాగి వచ్చిన తండ్రి కేకలకు తలుపుచాటున వణుకు బిడ్డ, దేవుని తండ్రియని పిలువుమని మేము వేదపాఠములో చెప్పినప్పుడు ఏ ముఖమును తలచుకొనును? ఆ బిడ్డ మా తరగతిలో ఎదుట కూర్చుండియుండును గనుకనే, ఆ మాట పలుకుచు మేము తడబడుదుము. మరియొక సంగతి వ్రాయుటకు మనస్సు నొచ్చుచున్నను వ్రాయక తప్పదు. దేవుని యెదుట అందరును ఒక్కటేయని గుడిలో విన్న బిడ్డతో, ఇంటికి రాగానే “ఫలానా పేటవారింట అన్నము తినకు, నీళ్లు త్రాగకు” అని చెప్పు తలిదండ్రులు మన సంఘములలో ఇంకను ఉన్నారు. బిడ్డ రెండు మాటలను వినును. ఇంటి మాటను నమ్మును.

భయపెట్టుటయు ఒక నడవడియే. అన్నము పారవేసినను, అబద్ధమాడినను, ప్రార్థనలో కన్ను తెరచినను “కళ్లు పోతాయి” అని బెదరించు అలవాటు కులమతభేదము లేక మన దేశమంతట వ్యాపించియున్నది. కన్ను తెరచిన బాలుడు, తన కళ్లు పోలేదని కొలదికాలములోనే కనిపెట్టును. అప్పుడు అతనికి తల్లిమాటమీద నమ్మకము తగ్గును. తల్లి ఎవరి పేరట బెదరించెనో ఆయనమీదను తగ్గును. దేవుని ఇంటి కావలి పోలీసుగా నియమించినవారు తమ శ్రమను తగ్గించుకొనుచున్నారేగాని బిడ్డకు మేలు చేయుటలేదు. అమెరికాలో హార్ట్‌ఫర్డు నగరమున బోధకుడైయుండిన హొరేసు బుష్నెల్ అను నతడు, మన ఆనకట్ట ఆరంభమైన ఆ 1847లోనే, క్రైస్తవ పోషణను గూర్చి పుస్తకము ప్రకటించెను. బిడ్డను పాపియని బెదరించి, పెద్దవాడైన పిమ్మట ఒక ఉజ్జీవ కూటములో మార్పు పొందునని కనిపెట్టుకొనుట తప్పనియు, తాను దేవుని బిడ్డను కాకయుండిన కాలమే తనకు జ్ఞాపకము లేనట్లుగా అతడు ఇంటిలో పెరుగవలయుననియు దాని సారాంశము. నాడు పండితులు బుష్నెల్‌మీద విరుచుకుపడిరి. మాకు మాత్రము ఆయన పక్షమే న్యాయమని తోచుచున్నది. వేసవిలో పందిళ్లు వేసి మూడు రాత్రులు మైకులు పెట్టి జరుపు కూటములకు మనవారు పెట్టు ఖర్చును, ఇంటిలో పదినిమిషములకు చూపు లోభమును చూచిన తరువాత ఈ అభిప్రాయము మాలో మరింత బలపడినది.

మా పాఠశాలలో హిందూ బాలురును మహమ్మదీయ బాలురును క్రైస్తవులతో సమానముగా చదువుచున్నారు. వారి తలిదండ్రులు ఈ వ్యాసము తమకు కాదని పుట త్రిప్పవలదని మనవి. ఏ మార్గమువారికైనను నడవడి యొక్కటే గురువు. రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారు (1848–1919) నాలుగేండ్ల ప్రాయముననే తండ్రిని పోగొట్టుకొని తల్లి పెంపకమున పెరిగిరి. 1881 డిసెంబరు 11వ తేదీన వారు మొదటి వితంతు వివాహము జరిపించినప్పుడు ఊరు వెలివేసినది. వంటవారు, నీళ్లు మోయువారు ఇల్లు విడిచి పోయిరి. వారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరికి పోయి నీళ్లు తెచ్చి, ఇంటనున్న దిక్కులేని ఆడబిడ్డలకు వండిపెట్టిరి. పంతులుగారి ఉపన్యాసములు పుస్తకములలో ఉన్నవి, చదువుకొనవచ్చును. ఆ ఇంట పెరిగిన బాలికలకు మాత్రము, తడిసిన చీరతో బిందె దించుచున్న ఆ తల్లియే ఉపన్యాసమై యుండును.

“మేము చదువుకొనలేదు, మాకేమి తెలియును” అను తలిదండ్రులు కొందరున్నారు. ఈ డెల్టాకు సువార్త తెచ్చిన మొదటివారిని తలచుకొనిన ఈ జంకు తీరును. 1836లో ఇంగ్లాండునుండి బయలుదేరి వచ్చి నరసాపురము ప్రాంతమున స్థిరపడిన బౌడెను, బీరు అనువారిలో ఒకరు రాతిపనివారు, ఒకరు చెప్పులు కుట్టువారు. ఏ కళాశాల పట్టమును వారికి లేదు. అయినను వారి కుమారులు తరువాతి తరమున ఇదే డెల్టాలో అదే పనికి పూనుకొనిరి. పురుషోత్తమ చౌదరిగారి (1803–1890) కీర్తనలను మన పల్లెలలో నిలిపినవారును అక్షరము రాని అవ్వలే. వరినాట్లలో పాడి, కోతలలో పాడి, బిడ్డల చెవుల పెట్టిరి. చదువురాని తల్లి చేయదగిన మంచి పని మరియొకటి కలదు. బిడ్డను చదువుమని చెప్పి, తాను చేటలో బియ్యము ఏరుకొనుచు వినవచ్చును. వినుచు “ఆ మాట మరల చదువు” అని ఒక్కసారి అన్నచో చాలును. అమ్మకు కూడ ఈ పుస్తకము కావలసియున్నదని బిడ్డ గ్రహించును.

1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరమువద్ద నీరు 35 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు బాలురైయుండినవారు నేడు మా విద్యార్థుల తండ్రులును మేనమామలును. ఆ రాత్రులను గూర్చి అడిగినచో, ఏటిగట్టుమీద ఎవరు ఏ ప్రసంగము చేసిరో వారు చెప్పలేరు. తల్లి తన కొంగు చింపి చెల్లెలికి కప్పినదియు, వచ్చిన పులిహోర పొట్లమును తండ్రి ప్రక్క కుటుంబముతో పంచుకొని ఆ పిమ్మట కన్నులు మూసికొని వందనములు చెప్పినదియు చెప్పుదురు. పులిహోర చేదెక్కియుండెననియు వారు చెప్పుదురు. బాలురు అట్టివి మరువరు.

ఇక కష్టమైన సంగతికి వత్తుము. మిషను వసతిగృహములను ఒకప్పుడు దూరపు పల్లెల బిడ్డలకై కట్టిరి. మిషనరీలు తమ బిడ్డలను కూడ సముద్రములు దాటించి వసతి పాఠశాలలకు పంపుచుండిరి. ఆ యెడబాటు వారిలో అనేకులకు తీరని దుఃఖమైనది. నేడు బస్సు ప్రయాణమునకు అరగంట దూరములో తలిదండ్రులున్న బిడ్డలు సయితము ఆరవ తరగతినుండియే మార్కుల నిమిత్తము పట్టణపు హాస్టళ్లలో చేర్పబడుచున్నారు. పది నెలలు తల్లిచేతి అన్నము లేదు, తండ్రితో మాట లేదు. పదిహేనవ యేట ఇంటికి వచ్చిన బాలుడు చుట్టమువలె ముందుగదిలో కూర్చుండును. అప్పుడు “వీనికి భక్తి లేదు” అని విచారింతురు. భక్తి సంగతి అటుండనిండు. వానికి మీతో పరిచయము లేదు. దగ్గరలోనున్న తలిదండ్రులు బిడ్డను ఇంటనుండియే బడికి పంపవలయునని మా దృఢమైన సలహా. దీనివలన మా వసతిగృహపు ఆదాయము తగ్గిన తగ్గనిండు.

వేరు దారి లేనివారు కలరు. కోనసీమ గ్రామములనుండియు, పశ్చిమ గోదావరి గ్రామములనుండియు ఇంటిపనికై కువైటు, మస్కటు, దుబాయి వెళ్లిన తల్లులు వేలకొలది యున్నారు. పరుల బిడ్డలకు లాలపోసి, తమ బిడ్డలకు జీతము పంపుచున్నారు. వారిని నిందించువారితో మేము ఏకీభవింపజాలము. అప్పు తీర్చి, కప్పు వేయించి, కూతురిని చదివించుటకు వారెన్నుకొనిన దారి అది. నడవడిని చూపుటకు దగ్గరనుండవలయునని ఇంతవరకు వ్రాసితిమి గనుక, ఈ తల్లులు మమ్మడుగు ప్రశ్నకు బదులు చెప్పవలసియున్నది. పూర్తి బదులు మాయొద్ద లేదు. ఇంగ్లాండులో ఎప్వర్తు గ్రామమున సుసన్నా వెస్లీ అను తల్లికి పందొమ్మిదిమంది పుట్టి పదిమంది మిగిలిరి. ఇంటి చాకిరిలో మునిగియుండియు ఆమె ఒక్కొక్క బిడ్డకు వారములో ఒక్కొక్క సాయంకాలము ప్రత్యేకముగా కేటాయించెను. జాను వెస్లీది గురువారము. పెద్దవాడై కళాశాలలో బోధకుడైన తరువాతను అతడు ఆ గురువారపు సాయంకాలమును కొంచెమైన తనకు ఈయుమని తల్లికి వ్రాసెను. బిడ్డ కోరినది బోధను కాదు. ఆ గడియలో తల్లి తనకు మాత్రమే చెందియుండుటను.

కువైటులో సాయంకాలము అయిదున్నర అయినప్పుడు ఇచ్చట రాత్రి ఎనిమిది గంటలు. ప్రతి దినము అందరితో కలిసి హడావుడిగా అయిదు నిమిషములు మాటలాడి “డబ్బు అందినదా, తిన్నావా” అని ముగించుటకంటె, వారములో ఒక దినము ఒక్క బిడ్డతో అరగంట గడుపుట మేలని మా తలంపు. ఆ దినము తల్లి తన వారమును గూర్చి చెప్పవలయును: ఏమి పని చేసినది, యజమానురాలు కోపించినప్పుడు ఎట్లు ఓర్చుకొన్నది, ఎవరికొరకు ప్రార్థించినది. అవ్వ ప్రక్కన కూర్చుండి వినుట మంచిది. తక్కిన ఆరు దినములు ఆ పని ఆమెది గనుక. వసతిగృహములోని బిడ్డలకు ఎనిమిది గంటలకు ఫోను ఇచ్చుటకు ఈ జూనునుండి వార్డెనుగారు అంగీకరించియున్నారు. తల్లులు తమకు వీలగు దినమును, ఫోను సంఖ్యను ముందుగా కార్యాలయమునకు తెలుపవలయును. ఒక సాయంకాలమునకు నలుగురు బిడ్డలకంటె ఎక్కువమందికి వీలుపడదు.